అందింది

అమెరికాలో ఉంటున్నానని చెప్పగానే "కంప్యూటర్లా?" అని అడగని తెలుగువారిని నేనింతవరకు చూడలేదు. కాదండీ, వంతెనలు అంటే కాస్త జాలిగా చూసేవారు. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు. సిమెంటు, ఇనుము, నేల మోయగల బరువు, ఇవీ నా లెక్కలు. బల్లమీద కంప్యూటరు ఉన్నా, దానికి అవతల తీగల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలని 2006 వరకు నాకు ఎన్నడూ తోచలేదు. తోచడానికి కారణం మా నాన్నగారు. ఆ సంగతి ఇన్నాళ్ళకు రాయాలనిపించింది. మధ్యలో కాస్త సాంకేతికం వస్తుంది. చదువరులు ఓపిక పట్టాలి, అది లేకపోతే ఈ ముచ్చటే లేదు.

నాన్న రైల్వేలో స్టేషను మాస్టరు. నా చిన్నతనమంతా ఊళ్ళకు దూరంగా, స్టేషన్లను ఆనుకొని ఉండే క్వార్టర్లలో గడిచింది. అప్పటికది మీటరుగేజీ సింగిల్ లైను. అంటే రెండు స్టేషన్ల నడుమ పట్టాల జత ఒక్కటే. అటు పోయే బండీ, ఇటు వచ్చే బండీ దానిమీదే నడవాలి. రెండూ ఒకేసారి ఆ దారిలోకి రాకుండా చూడడమే స్టేషను మాస్టరు ఉద్యోగం. టిక్కెట్లు, పార్సిళ్ళు, పచ్చజెండా, ఇవన్నీ పైపై పనులని నాన్న అనేవారు.

దానికొక పద్ధతి ఉండేది. బండిని పంపదలచినవారు ముందుగా అవతలి స్టేషనును అడగాలి. అవతలివారు దారి ఖాళీగా ఉందని చూసుకొని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు పేరే లైన్ క్లియర్. తీగతో కలిపిన ఇనుప యంత్రాలు రెండు స్టేషన్లలోనూ జంటగా ఉండేవి. గంటలు కొట్టుకొని ఒప్పుకోలు కుదిరితే, అడిగినవారి యంత్రం నుండి ఒక ఇనుప గోళం బయటికి దొర్లేది. దాన్ని తోలుసంచిలో వేసి, బెత్తపు వలయానికి తగిలించి డ్రైవరుకు అందిస్తేనే బండి కదలాలి. ఒక గోళం బయట ఉన్నంతసేపూ ఆ రెండు యంత్రాలలో దేనినుండీ రెండోది రాదు.

యంత్రం మొరాయించిన రోజున టెలిఫోనే గతి. అప్పుడు ప్రైవేట్ నంబర్లు అక్కరకొచ్చేవి. ప్రతి స్టేషను మాస్టరు దగ్గరా వరుస తప్పించి అచ్చువేసిన రెండంకెల సంఖ్యల కాగితం ఒకటి ఉండేది. అవతలివారు లైన్ క్లియర్ అడిగితే, ఆ అడిగిన మాటను మొదట తిరిగి అప్పజెప్పాలి. ఔను అదేనని వారన్న తరువాత, కాగితంలో తరువాతి సంఖ్యను చెప్పి దాన్ని అడ్డంగా కొట్టేయాలి. ఆ సంఖ్య వేసిన కాగితమే డ్రైవరుకు అనుమతి.

"నోటితో సరేనన్నది లెక్కలోకి రాదురా. తిరిగి అప్పజెప్పిందే లెక్క" అనేవారు నాన్న. ఇంట్లోనూ అదే చట్టం. అంగడికి పంపేటప్పుడు అరకేజీ కందిపప్పు, పావుకేజీ బెల్లం, రెండు అగ్గిపెట్టెలు అని చెప్పి "అప్పజెప్పు" అనేవారు. తప్పు లేకుండా అప్పజెప్పాక "ప్రైవేట్ నంబరు?" అని అడిగేవారు. నేను ఏ ముప్పై ఆరో, ఎనభై రెండో నోటికొచ్చింది చెప్పి పరుగెత్తేవాణ్ణి.

నాన్న 1998లో పదవీ విరమణ చేసి ఒక చిన్న పట్టణంలో స్థిరపడ్డారు. అయిదారేళ్ళకు చెవులు మొరాయించాయి. జీవితమంతా గంటలమీద, టెలిఫోనుమీద బతికిన మనిషికి ఆ రెండూ లేకుండా పోయాయి. నేను ఆదివారం ఫోను చేస్తే అమ్మే మాట్లాడి, నా మాటలు ఆయనకు అరిచి చెప్పేది. అరిచి చెప్పదగిన మాటలే మా మధ్య మిగిలాయి. 2005లో సెలవుమీద వెళ్ళినప్పుడు ఆయనను బజారులోని నెట్ సెంటరుకు తీసుకుపోయి వేగు పంపడం నేర్పాను. టైపు లోయరు పాసైన మనిషి, తొందరగానే నేర్చుకొన్నారు. అప్పటినుండి వారానికొకటి వచ్చేది, ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు. వాన పడిందనీ, చిక్కుళ్ళు కాశాయనీ, ఫలానావారు పోయారనీ టెలిగ్రాములాగా నాలుగు ముక్కలు. ఒకసారి మాత్రం, నెట్ సెంటరు కుర్రవాడు తెలుగులోనే రాయడం చూపిస్తున్నాడని సంబరంగా రాశారు.

2006 ఫిబ్రవరిలో ఒక పెద్ద వేగు వచ్చింది. తెరనిండా పిచ్చిగుర్తులు. నెత్తిమీద వాలుగీటు ఉన్న రోమను ఎ, దాని పక్కన ఉష్ణోగ్రతకు వేసే చిన్న సున్నా, ఆ పక్కన ఏదో వింత గుర్తు. మళ్ళీ అదే ఎ, అదే సున్నా. మూడు తెరలకు సరిపడా అదే. నాన్న తెలుగు టైపు సాధన చేస్తున్నారు కాబోలు, అఆఇఈలు దిద్దుకొని పంపారనుకొన్నాను. ఆ రోజు ఒక వంతెన నమూనా గడువు. వెంటనే జవాబు కొట్టాను: అందింది, ఇక్కడంతా కులాసా.

ఆ తరువాత నాన్న వేగులు తగ్గాయి. వచ్చినవాటిలో క్షేమం అన్న ఒక్క ముక్కే. నేను గమనించలేదు. గమనించానేమో గాని పట్టించుకోలేదు. జూలైలో ఒక ఆదివారం అమ్మ అడిగింది.

"ఒరే అబ్బాయీ, ఆమధ్య మీ నాన్న నీకేదో పెద్ద ఉత్తరం రాశారట. నువ్వు అందిందన్నావట. తరువాత ఒక్క మాటా లేదట. రోజూ ఆ నెట్టు కొట్టుకు పోయి చూసుకొని వస్తారు. ఏముందిరా అందులో?"

నాకు నోట మాట రాలేదు. అందులో ఏముందో నాకు తెలియదు.

మళ్ళీ పంపండి నాన్నా అని రాస్తే సరిపోయేది. కాని అలా రాస్తే, చదవకుండానే అందిందన్నానని ఒప్పుకోవాలి. అప్పజెప్పిందే లెక్క అని నేర్పిన మనిషి ముందు ఆ మాట అనలేకపోయాను. ఏదోవిధంగా నేనే ఆ ఉత్తరాన్ని చదవగలిగితే బాగుండునని, మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకొనే ఒక పెద్దాయనకు చెప్పుకొన్నాను. ఆయన నవ్వలేదు. ముందు ఉత్తరం ఎలా నడుస్తుందో చూడమని నల్లటి తెర ఒకటి తెరిచి, టెల్నెట్ అనే ఆదేశంతో ఆఫీసు తపాలా కంప్యూటరు 25వ ద్వారానికి కలిపాడు.

ఆ ముచ్చట చెప్పి తీరాలి. అవతలినుండి మొదట 220 అన్న అంకె వచ్చింది, సిద్ధంగా ఉన్నానని. ఇవతలినుండి హెలో అన్నాము. ఆ మాటను అక్కడ నాలుగే అక్షరాలతో, ఒక ఎల్ తక్కువగా రాయాలి. 250 అంది, అంటే సరే. ఉత్తరం ఫలానావారినుండి అన్నాము. 250. ఫలానావారికి అన్నాము. 250. ఇదిగో ఉత్తరం అన్నాము. 354, కానివ్వమంది, ముగిశాక ఒక పంక్తిలో చుక్క ఒక్కటే పెట్టమంది. ఉత్తరం కొట్టి చుక్క పెట్టాము. 250. సెలవన్నాము. 221, తలుపు మూసుకొంది. జోనాథన్ పోస్టెల్ అనే ఆయన 1982లో రాసిపెట్టిన పద్ధతి అది. ఈనాడు చాలాచోట్ల ఆ ద్వారం అలా ఎవరికిబడితే వారికి తెరుచుకోదు, మాటలు కూడా గుప్తలిపిలోనే ఎక్కువగా సాగుతాయి. కాని లోపల సంభాషణ తీరు నేటికీ అదే.

ఒక మాటకు సమాధానం వచ్చాకే మరొక మాట. నేను ఆ నల్లతెరను చూస్తూ ఉండిపోయాను. అది నాన్న గది. గంటల బదులు అంకెలు, అంతే తేడా.

చివరి 250ని వేలితో చూపి పెద్దాయన ఒక మాటన్నాడు. దీని అర్థం ఉత్తరం చేరిందని కాదు, చదివారని అసలే కాదు, దీన్ని ముందుకు పంపే బాధ్యత ఈ యంత్రం తీసుకొందని మాత్రమే. నాకు నా జవాబు గుర్తొచ్చింది.

అక్కడినుండి కొన్ని వారాలపాటు రాత్రుళ్ళు కూర్చొని చదివాను. ప్రొటోకాల్ అన్న మాటకు తెలుగులో మర్యాద అని రాసుకొన్నాను. మర్యాద అంటే మన్నన అనే కాదు, హద్దు అని కూడా అర్థముంది. ఇద్దరు మాట్లాడుకొనేటప్పుడు ఎవరు ఎప్పుడు ఏమనాలో, ఏమనకూడదో నిర్ణయించే హద్దు.

తపాలా మర్యాద కింద మరో రెండు మర్యాదలున్నాయి. అన్నిటికన్నా దిగువన ఉండే ఐపీ పని పోస్టుకార్డు పని. చిరునామా చూసి ముక్కను ముందుకు తోస్తుంది. చేరుస్తానని మాట ఇవ్వదు. దారిలో పోవచ్చు, వెనుకది ముందు రావచ్చు, ఒకటే రెండుసార్లు రావచ్చు. అలాంటి నమ్మకం లేని దారిమీద నమ్మదగిన సంభాషణ నడపడం టీసీపీ పని. ప్రతి బైటుకూ వరుససంఖ్య వేస్తుంది. ఇంతవరకు అందిందని అవతలినుండి కబురు రాకపోతే మళ్ళీ పంపుతుంది. ఈ ఆలోచనకు మూలమైన వ్యాసం వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ కలిసి 1974లో ప్రచురించారు. ఆ సెర్ఫ్ వినికిడి యంత్రం పెట్టుకొనే మనిషని తెలిసినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చొన్నాను.

నన్ను ఎక్కువగా పట్టుకొన్నది టీసీపీలో మాట మొదలయ్యే తీరు. దాన్ని మూడు మెట్ల కరచాలనం అంటారు. ఇవతలి యంత్రం ఒక సంఖ్యను ఎంచుకొని పంపుతుంది. అవతలిది ఆ సంఖ్యకు ఒకటి కలిపి తిరిగి చెప్పి, తన సంఖ్యను జతచేస్తుంది. ఇవతలిది దానికి ఒకటి కలిపి తిరిగి చెబుతుంది. అప్పటికిగాని లంకె కుదిరినట్టు కాదు. ఒకరు అడిగి ఒకరు సరేనంటే చాలదా? చాలదు. దారిలో ఎక్కడో చిక్కుకొని ఆలస్యంగా వచ్చిన పాత ముక్కను కొత్త పిలుపు అనుకొనే ప్రమాదముంది. ఒక మాటకు చెందిన అంకెను మరో మాటకు జవాబుగా పొరబడే ప్రమాదముంది. అందుకే ఎవరి సంఖ్యను ఎవరు విన్నారో ఇద్దరూ ఒకరికొకరు అప్పజెప్పుకోవాలి. ఈ చిక్కును 1975లో ఒక వ్యాసంలో విడమరచి చెప్పినవాడు రే టామ్లిన్సన్, అంతకు నాలుగేళ్ళ క్రితం వేగు చిరునామాలో ఆ చుట్టచుట్టిన ఎ గుర్తును ప్రవేశపెట్టిన మనిషి.

ఇంత చేసినా టీసీపీ ఇచ్చే రసీదుకు ఒక హద్దుంది. బైట్లు అవతలి యంత్రానికి చేరాయని అది చెబుతుంది. ఆ యంత్రం ముందున్న మనిషికి చేరాయని చెప్పలేదు. 1984లో సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం ఈ సంగతినే వివరిస్తుంది. దారిలో ఎన్ని రసీదులున్నా, పని నిజంగా పూర్తయిందని చెప్పగలిగేది రెండు చివర్లలో ఉన్నవారు మాత్రమేనని దాని సారం.

ఇక నా పిచ్చిగుర్తులు. 1982 నాటి తపాలా మర్యాదకు ఇంగ్లీషు అక్షరాలే తెలుసు. అక్షరానికి ఏడు బిట్లు, అంతే. తక్కిన భాషలు ఆ సన్నని దారిలో పట్టే ఏర్పాటు 1992లో మైమ్ అనే మర్యాదతో వచ్చింది. ఉత్తరం నెత్తిన, ఇది ఫలానా లిపిసంకేతంలో రాసినది అని ఒక చీటీ అంటించడం అందులో ముఖ్యమైన అంశం. అదే సంవత్సరం సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చొని, బల్లమీద పరిచే కాగితం మీద యూటీఎఫ్-8 అనే పద్ధతిని గీశారు. అందులో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. హల్లు వేరు, గుణింతపు గుర్తు వేరు. తెలుగు అన్న మూడక్షరాల మాటకు ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. ప్రతి గుర్తులోనూ మొదటి బైటు 224, రెండోది 176 గాని 177 గాని. న అన్న అక్షరం 224, 176, 168.

ఈ మూడంకెలు కాగితంమీద రాసుకొన్నప్పుడు నాకు దారి కనబడింది. లిపిచీటీ లేని ఉత్తరాన్ని నా యంత్రం పశ్చిమ ఐరోపా లిపి అనుకొని బైటుకొక అక్షరం చొప్పున చూపింది. ఆ లిపిలో 224 అంటే వాలుగీటు ఎ. 176 అంటే ఉష్ణోగ్రత సున్నా. నాన్న ఉత్తరం చెడిపోలేదు. ఒక్క బైటు కూడా పోకుండా నా పెట్టెలో అయిదు నెలలుగా అలాగే ఉంది. దారిలో ఏ యంత్రమైనా తెలియని అక్షరాలను ప్రశ్నార్థకాలుగా మార్చి ఉంటే ఇక ఎవరి తరమూ కాకపోయేది. నా వేగు చదివే సాఫ్ట్‌వేరులోనే, ఎన్నడూ తెరవని ఒక జాబితాలో, యూనికోడ్ అన్న పంక్తి ఉంది. దానిమీద ఒక్కసారి నొక్కాను.

చిరంజీవికి ఆశీస్సులు అని మొదలైంది ఉత్తరం.

నాకు ఆరేళ్ళప్పటి తుపాను రాత్రి అది. తీగలు పాడై గోళం యంత్రం పనిచేయడం లేదు. ప్లాట్‌ఫారం మీద పాసింజరు బండి ఆగి ఉంది. దాన్ని పంపడానికి నాన్న ఫోనులో లైన్ క్లియర్ అడిగారు. ఫోనునిండా గరగర. అవతలినుండి ఏవో మాటలు, చివర నలభై ఏడు అన్నది మాత్రం వినబడింది. సరే సరే అని ఫోను పెట్టేశారు. అప్పజెప్పలేదు. రెండు రాత్రులు వరుసగా డ్యూటీ చేసిన నిద్రమత్తు. ప్రైవేట్ నంబరు 47 అని కాగితం రాసి డ్రైవరుకు పంపారు. సిగ్నలు దించబోతుండగా మనసు పీకి, మళ్ళీ ఫోను తిప్పి అడిగారు. అవతలి ఆయన నంబరే ఇవ్వలేదు. తన దగ్గర గూడ్సు సిద్ధంగా ఉందనీ, రెండు గంటల నలభై ఏడు నిమిషాలకు బయలుదేరదీస్తాననీ, తనకే లైన్ క్లియర్ ఇవ్వమనీ ఆయన అడిగాడు. నాన్న సరే అన్నా నంబరు చెప్పలేదు గనక బండిని కదలనీయక కూర్చొన్నాడు. నాన్న వానలో పరుగెత్తి, ఇంజనెక్కి ఆ కాగితం వెనక్కి తీసుకొన్నారు.

ఏమీ జరగలేదు. ఏ రిజిస్టరులోనూ అది లేదు. "మీ అమ్మకు కూడా చెప్పలేదు. చెవులు పోయినప్పటినుండి ఆ రాత్రి మరీ ఎక్కువగా వినబడుతున్నది. పాసింజరులో పిల్లలు నిద్రపోతున్నారు. నువ్వు ఇంజనీరువు. పొరపాటుకూ నేరానికీ తేడా నీకు తెలిసి ఉంటుంది. ఇది ఏదో నాకు చెప్పు." రోజుకొక గంట చొప్పున నాలుగు రోజులు టైపు చేశానని చివర రాశారు.

దానికి నేనిచ్చిన జవాబు, అందింది, ఇక్కడంతా కులాసా. ఆ పైన అయిదు నెలల మౌనం. ఆ మౌనాన్ని ఆయన ఏ తీర్పుగా చదువుకొన్నారో ఊహించుకోవడానికి నాకు పెద్దగా కష్టం కాలేదు.

ఆ రాత్రే జవాబు రాశాను, తెలుగులో. నెత్తిన లిపిచీటీ ఉందో లేదో ముందు నాకే ఒక ప్రతి పంపుకొని చూసుకొన్నాను. మొదట నా తప్పు ఒప్పుకొన్నాను, చదవకుండానే అందిందన్నానని. తరువాత ఆయన చెప్పినదంతా మొదటినుండి అప్పజెప్పాను. వాన, గరగర, నలభై ఏడు, రెండో ఫోను, ఇంజనులోని కాగితం. చివర నాకు తోచింది రాశాను. వంతెన కట్టేవాళ్ళం ప్రతి దూలానికీ కావలసినదానికన్నా ఎక్కువ బలం లెక్క కడతాము. మనిషి తప్పు చేయడని నమ్మి కాదు, చేస్తాడని తెలిసే. మీ పద్ధతి కూడా అందుకే పెట్టారు. మీరొక మెట్టు తప్పారు, అవతలి ఆయన తప్పలేదు, మీరు మళ్ళీ వెనక్కి వచ్చి ఆ మెట్టు ఎక్కారు. అది పొరపాటు. నేరమైతే నాది, అయిదు నెలలది.

రెండు రోజులకు జవాబు వచ్చింది. అక్షరాలు తెలుగులో తిన్నగా కనబడ్డాయి.

"సరిగా అప్పజెప్పావు. ఇక్కడ ఇంకా వానలు లేవు. మీ అమ్మకు కూడా ఆ సంగతి చెప్పాను. ప్రైవేట్ నంబరు 62."

నాన్న 2013లో పోయారు. ఆ వేగును అప్పుడే కాగితంమీద అచ్చు తీసుకొన్నాను, ఇప్పటికీ నా సొరుగులో ఉంది. అందులో 62 అన్న సంఖ్యను పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాను, వాడిన నంబరు మళ్ళీ వాడకూడదు గనక.